ఒకే పొయ్యి, ఒకే గిన్నె : హుజూరాబాద్ సీమ రాత్రి వంట

పగలంతా కొలువు చేసి పొద్దుగూకిన తరువాత ఇల్లు చేరే దంపతులకు ఈ కాలంలో ఒక కొత్త వంట అలవాటు అవుతున్నది. వెడల్పాటి గిన్నెలో నూనె కాచి, ఉల్లిగడ్డ, ఎల్లిపాయ వేయించి, ఎముక తీసిన కోడిమాంసపు ముక్కలు అందులో వేస్తారు. అవి రంగు తిరగగానే పాస్తా అనే గోధుమ గొట్టాలను కలిపి, వాటికి చాలినంత నీరు పోసి మూత పెడతారు. చివర పాలో, మీగడో చేర్చి దించుతారు. అరగంటలో పని ముగుస్తుంది. వండినది ఒక గిన్నె, తోమవలసినదీ ఒక గిన్నె. ఆ గొట్టాల పొట్లాలు ఇప్పుడు హుజూరాబాద్ వంటి పట్టణంలోనూ సేమియా పక్కనే దొరుకుతున్నవి.

ఈ వంటను చూచి పెద్దలు పెదవి విరుస్తారు. పిల్లలు ఇది మునుపెన్నడూ లేని నాగరికత అనుకొంటారు. చరిత్ర దృష్టితో చూచినవారికి ఇరువురి మాటా సగమే నిజమనిపిస్తుంది. ఒక పొయ్యి మీద, ఒక పాత్రలో రాత్రి భోజనం ముగించుకోవడం కరీంనగర్ జిల్లాకు ఏమాత్రం కొత్త కాదు. కొత్త సంగతి ఏమంటే, ఆ పాత్రలో కోడి ఉండడం. అదీ పండుగ గాని, జాతర గాని, ఇంటికి చుట్టం గాని రాని ఒక మామూలు రోజున, కష్టం చేసుకొని బ్రతికేవారి ఇంట ఉండడం. ఆ కోడి ఆ గిన్నెలోకి ఎట్లా వచ్చిందన్నదే నేటి ప్రసంగ విషయం.

ముందుగా వంట పద్ధతి మాట మనవి చేస్తాను. ధాన్యాన్ని ఉడికించడానికి మన ఇండ్లలో రెండు మార్గాలు ఉన్నవి. మిక్కిలి నీటిలో ఉడికించి గంజి వార్చడం ఒకటి. లెక్కకు సరిపోయే ఎసరు మాత్రమే పెట్టి, ఆ నీరంతా గింజలోనే ఇంకిపోయేటట్లు చేయడం రెండవది. దీనినే అత్తెసరు అంటారు. పరీక్షలో ఏదో విధంగా గట్టెక్కిన విద్యార్థికి అత్తెసరు మార్కులు వచ్చినవని మనం అంటామే, ఆ మాట పుట్టింది వంటింటిలోనే. ఇటలీ దేశస్థులు పాస్తాను సాధారణంగా వార్చి వండుతారు; ఆ గంజిలో కొంత దాచి రసంలో కలుపుకొంటారు. ఒకే గిన్నె వంటలో అదే పాస్తా అత్తెసరు పద్ధతికి వచ్చింది. మన వర్తకులు బన్సీ అనే గట్టి గోధుమ వంటి జాతి రవ్వతో ఆ గొట్టాలను చేస్తారు. అవి ఉడికేటప్పుడు వాటి పిండి కొంత నీటిలోకి దిగి, 60, 70 డిగ్రీల వేడి తగిలేసరికి ఉబ్బి రసాన్ని చిక్కబరుస్తుంది. వార్చివేస్తే ఆ చిక్కదనం తూముపాలవుతుంది. వార్చనందువల్లనే మీగడ కొద్దిగా వేసినా వంట వెన్నవలె అమరుతుంది.

ఈ రహస్యం మన ఆడవారికి తెలియనిది కాదు. వినాయక చవితినాడు వండే పాలతాలికలు ఇంకేమిటి? బియ్యపు పిండిని ఉడికించి, ముద్ద చేసి, అరచేతితో పొడుగాటి తాలికలుగా వత్తి, మరిగే పాలలో వేస్తారు. తాలికల నుండి జారిన పిండే ఆ పాలను చిక్కబరుస్తుంది. ఒక్క పొయ్యి, ఒక్క గిన్నె, పిండితో చేసిన తాడు, పాలు. మాంసం లేదు, బెల్లం ఉన్నది. అంతే భేదం.

పిండిని తాళ్ళుగా, గొట్టాలుగా చేసే విద్య ఏ దేశంలో మొదలైనదన్న తగవు పాతది. చైనాలోని లాజియా అనే చోట నాలుగువేల సంవత్సరాలనాటి చిరుధాన్యపు సేవలు దొరికినవని 2005లో ప్రకటించారు. దానిని ఒప్పుకోని పండితులూ ఉన్నారు. వెనీసు వర్తకుడు మార్కో పోలో వాటిని చైనా నుండి ఇటలీకి తెచ్చాడన్న కథ మాత్రం నిలిచేది కాదు. ఆయన స్వదేశానికి తిరిగి వచ్చినది 1295లో. అంతకు దాదాపు నూటనలభై ఏండ్లకు ముందే, 1154లో, అల్ ఇద్రీసీ అనే భూగోళ శాస్త్రజ్ఞుడు సిసిలీ ద్వీపంలోని త్రాబియా అనే ఊళ్ళో ఇత్రియా అనే పిండితాళ్ళను విరివిగా చేసి ఓడలకెత్తి పంపుతున్నారని వ్రాసిపెట్టాడు. పోలో కథకు వ్యాప్తి కల్పించినది 1929లో అమెరికాలోని మాకరోనీ వ్యాపారుల పత్రిక. తమ సరుకుకు ఒక గొప్ప పూర్వపురుషుణ్ణి చూపించుకోవడం వర్తకులకు ఎల్లకాలమూ ఉన్న సరదాయే. మనకు పోలో మీద అభిమానం ఉండవలసినది వేరొక కారణానికి. మోటుపల్లి రేవును గురించి, ఆ రాజ్యాన్ని ఏలిన రాణిని గురించి ఆయన వ్రాశాడు. ఆ రాణి మన రుద్రమదేవియేనని చరిత్రకారులు గుర్తించారు. ఈ రాజ్యపు సన్నని బట్టలను మెచ్చుకొని, ఇక్కడి గొర్రెలు ప్రపంచంలోకెల్ల పెద్దవని చెప్పాడు. కోళ్ళ సంగతి ఎత్తినట్లు లేదు.

కోళ్ళ సంగతి కావలసినవారు ఓరుగల్లుకు పోవాలి. హుజూరాబాద్ నుండి అది నేటి బస్సులో ఒక గంట ప్రయాణం. కాకతీయుల రాజధాని వీధులను కండ్లకు కట్టే క్రీడాభిరామంలో కోడిపందెం వర్ణన ఉన్నది. అందులోనే రూకకు ఇంపైన భోజనం పెట్టే పూటకూటి ఇల్లూ ఉన్నది. సురవరం ప్రతాపరెడ్డిగారు 1949లో ప్రకటించిన ఆంధ్రుల సాంఘిక చరిత్రకు ఇటువంటి కావ్యాలనే ఆధారం చేసుకొన్నారు. రాజుల యుద్ధాలను వదలి, జనుల తిండి, బట్ట, ఆట పాటలను చరిత్రగా వ్రాశారు. 1955లో తెలుగునకు తొలి కేంద్ర సాహిత్య అకాడమీ బహుమానం ఆ గ్రంథానికే వచ్చినది. పందెపు కోడికి కావ్యంలో చోటు దొరికింది గాని, కూరలోని కోడికి దొరకలేదని మాత్రం గమనించాలి. పూటకూటి ఇంటిది బ్రాహ్మణ భోజనం.

కోడి జాతికే మన దక్షిణాపథంతో దగ్గర చుట్టరికం ఉన్నది. పెంపుడు కోడికి మూలపురుషుడు ఎర్ర అడవికోడి. మన దేశంలో అది హిమాలయాల అడుగు నుండి గోదావరి ప్రాంతం దాకా కనబడుతుంది. అక్కడి నుండి దక్షిణాన బూడిదరంగు అడవికోడి రాజ్యం. పెంపుడు కోళ్ళలో కొన్నింటికి చర్మం పసుపుపచ్చగా ఉండడం ఈ దక్షిణపు బూడిదరంగు కోడి నుండి సంక్రమించిన లక్షణమని 2008లో శాస్త్రజ్ఞులు తేల్చినారు. అంటే నేడు లోకమంతటా వండుతున్న కోళ్ళలో అనేకానికి మన వైపు రక్తం కొంత ఉన్నదన్నమాట.

అయినను కోడి ఉన్న ఇంట కోడి కూర వండుకొనేవారని తలచడం పొరపాటు. వానపంటల మీద బ్రతికిన ఈ సీమలో నిత్యభోజనం గటుక. జొన్నలనో, మక్కలనో ఇసుర్రాయిలో పలుకుగా విసిరి, మరిగే ఎసట్లో పోసి, అడుగంటకుండా కలియబెట్టి దించేది. మక్కగటుక కరీంనగర్ జిల్లా పేరు చెప్పగానే గుర్తుకు వచ్చే వంట. మక్కలు, మిరపకాయ, పల్లీలు మూడూ అమెరికా ఖండాల నుండి సముద్రం దాటి వచ్చినవే సుమా. కనుక పాస్తాను పరదేశి అని ఈసడించేవారు గటుక తింటూ ఆ మాట అనకూడదు. గటుకలోకి మజ్జిగో, పచ్చిపులుసో, కాస్త పప్పో ఉంటే అదే విందు. మిగిలినదానిలో నీరో, మజ్జిగో పోసి తెల్లవారి తాగి పనికి పోయేవారు.

గటుక ఎందుకు ఒక గిన్నె వంట అయినదో చూడండి. రుచి కొరకు కాదు. పొయ్యిలోకి కావలసినది పత్తికట్టె, కందికట్టె. అవి భగ్గున మండి ఇట్టే ఆరిపోతవి. వాటిని చేను నుండి మోపుకట్టి నెత్తిన మోసుకొచ్చేది ఆడమనిషే. నీళ్ళు చేది తెచ్చేదీ ఆమెయే. పొద్దుగూకేదాకా కలుపు తీసి, పత్తి ఏరి వచ్చిన మనిషి రెండు పొయ్యిలు రాజేసి, మూడు గిన్నెలు దింపేందుకు చీకట్లో కిరసనాయిలు కూడా లేదు. తరువాతి కాలంలో ఉత్తర తెలంగాణ ఆడవారు వేలసంఖ్యలో బీడీలు చుట్టడానికి కూర్చున్నారు. అక్కడా వెయ్యి బీడీల లెక్క తెగేదాకా వంటకు లేవడం కుదరదు. ఒకే గిన్నె వంటను కనిపెట్టినది పాకశాస్త్రం కాదు, తీరిక లేకపోవడం.

ఈ గిన్నె వంటలలో మిక్కిలి తెలివైనది సర్వపిండి. బియ్యప్పిండిలో నానిన శనగపప్పు, నువ్వులు, పల్లీలు, ఉల్లిగడ్డ, కారం, కరివేపాకు కలిపి ముద్దచేసి, ఆ ముద్దను గుండ్రని సర్వ లోపలి అడుగున, పక్కలకు పలుచగా తట్టి, వేలితో అక్కడక్కడ రంధ్రాలు పెట్టి, వాటిలో నూనెచుక్కలు వేసి, మూతపెట్టి సన్నని సెగమీద ఉంచుతారు. పెనం అక్కర లేదు, కలియబెట్టే పని లేదు. ఒకటి తీసిన తరువాత గిన్నె చల్లారితే గాని రెండవది తట్టడానికి వీలు లేదు. అదొక్కటే దాని లోపం. సర్వలో చేసేది గనుక సర్వప్ప, గిన్నెలో చేసేది గనుక గిన్నప్ప. పాత్ర పేరే వంటకు పెట్టుకొన్న జనానికి ఒకే గిన్నె వంటను మరొకరు వచ్చి నేర్పవలసిన పని లేదు.

మరి కోడి? వాకిట్లో తిరిగే నాలుగు కోళ్ళు పేద ఇంటికి రొక్కపు పెట్టె వంటివి. అంగడినాడు అమ్మి ఉప్పు, చీర కొనుక్కొనేందుకు, పోచమ్మకో, సమ్మక్క సారక్కలకో మొక్కు చెల్లించేందుకు, బిడ్డ పుట్టింటికి వస్తే ఒకటి కోసేందుకు. జాతరలో మాత్రం ఆ కోడి తప్పక తమ నోటికే చేరేది. మూడు రాళ్ళు పెట్టి, చెట్టు కింద ఒకే గంజులో మాంసం ఉడికించి, ఊరివారందరితో కలిసి తినడం నేటికీ మేడారం దారి పొడవునా చూడవచ్చును.

ఇండ్లలో మిగిలిన కోళ్ళ మీద వేరొకరి కన్ను ఉండేది. నిజాం రాజ్యంలో వెట్టిచాకిరి అన్న ఆచారాన్ని శ్రోతలలో పెద్దవారు తమ తల్లిదండ్రుల నోట విని ఉంటారు. తహసీల్దారో, గిర్దావరో, పోలీసు అమీనో దౌరాకు వస్తే, ఆ పరివారం భోజనానికి కావలసినదంతా ఊరు సమకూర్చాలి. గొల్లల నుండి గొర్రె, గౌండ్లవారి నుండి కల్లు, కుమ్మరి నుండి కుండలు, పేద ఇండ్ల నుండి కోళ్ళు. వెల ఇచ్చే మాట లేదు. గ్రామంలోని దొర ఇంట పెండ్లి అయినా అంతే. బియ్యం దంచేది వెట్టి మనుషులు, కట్టెలు కొట్టేది వెట్టి మనుషులు, నీళ్ళు మోసేది వెట్టి మనుషులు. కోడిని చీడపీడల నుండి, గద్ద నుండి, పిల్లి నుండి కాపాడిన ఇల్లాలు దానిని ఒకనాటి మధ్యాహ్నం సుంకరి చంకలో చూచి ఊరుకోవలసినదే. హుజూర్ అన్న అరబ్బీ మాటకు సన్నిధి అని అర్థం. దొరలను, అధికారులను పిలిచే గౌరవపు పిలుపు అది. ఆ పిలుపు ఊరి పేరులోనే నిలిచిన సీమలో ఆ పిలుపు వెనుక ఎన్ని కోళ్ళు పోయినవో లెక్క వ్రాసినవారు లేరు.

ప్రతాపరెడ్డిగారి అధ్యక్షతన 1930లో జోగిపేటలో ఆంధ్ర మహాసభ తొలి సమావేశం జరిగింది. ఆ మహాసభ ఎత్తుకొన్న సమస్యలలో వెట్టి ముఖ్యమైనది. ఆ మాట క్రమంగా గట్టిపడి, 1946 నుండి 1951 దాకా సాగిన రైతాంగ సాయుధ పోరాటానికి వెట్టి నిర్మూలనమే ఒక పునాది అయింది. 1948 సెప్టెంబరు 17న నిజాం లొంగిపోవడం, మరుసటి ఏడు జాగీర్ల రద్దు చరిత్ర పుస్తకాలలో ఉన్నవి. భూమి మాట, పన్ను మాట అందరూ వ్రాశారు. పెట్టిన గంపకింది కోడి పెంచినవారిదే అయిందన్న మాట వ్రాయడానికి చిన్నదిగా తోచింది కాబోలు. నాకు అది చిన్నదిగా తోచదు.

తరువాతి మార్పులు త్వరత్వరగా వచ్చినవి. 1963 జూలై 26న పోచంపాడువద్ద నెహ్రూ పండితుడు శంకుస్థాపన చేసిన శ్రీరామసాగరం నుండి కాకతీయ కాలువ కరీంనగర్ మీదుగా ఓరుగల్లు దిక్కుకు సాగింది. దిగువ మానేరు జలాశయం 1985 నాటికి సిద్ధమైంది. చేలు మడులైనవి. 1983లో నందమూరి తారక రామారావు ప్రభుత్వం కిలో రెండు రూపాయలకు బియ్యం ఇచ్చింది. గటుక కుండ స్థానంలో అన్నం గిన్నె వచ్చి కూర్చున్నది. జొన్నరొట్టె, గటుక పేదరికపు గుర్తులై, ఇప్పుడు మధుమేహ భయంతో మళ్ళీ సంపన్నుల పళ్ళెంలోకి వస్తున్నవి.

కోడి అగ్గువ కావడం ఇంకొక కథ. మన తెలుగువాడైన బి. వి. రావుగారు 1971లో పూనాలో వెంకటేశ్వర హేచరీస్ స్థాపించి, కోళ్ళ పెంపకాన్ని పెరటి పని నుండి పరిశ్రమగా మార్చారు. నాటుకోడి కోతకు రావడానికి అయిదారు నెలలు పడితే, బ్రాయిలర్ ఆరు వారాలలో రెండు కిలోల బరువు తూగుతుంది. దాని మాంసం లేత. పదిహేను నిమిషాలలో ఉడుకుతుంది. నాటుకోడిని పాస్తాతో పాటు ఒకే గిన్నెలో వేస్తే, కోడి ఉడికేసరికి పాస్తా అంబలి అవుతుంది. కాబట్టి ఈ కొత్త వంట బ్రాయిలర్ లేనిదే పుట్టేది కాదు. 1959 ప్రాంతాల మన దేశంలో తయారు కాసాగిన ప్రెషర్ కుక్కరు, 1999లో దీపం పథకంతో పేద ఇండ్లకు నడిచిన గ్యాసు పొయ్యి తక్కిన సాయం చేసినవి. 2014లో జరిపిన ఒక ప్రభుత్వ సర్వేలో, పదిహేనేండ్లు దాటిన తెలంగాణవారిలో నూటికి 98 మందికి మించి మాంసాహారులని తేలింది. అయినా సోమవారం శివునికి, శనివారం వేంకటేశ్వరునికి విడిచిపెట్టే ఇండ్లు ఎన్నో. ఆదివారం కోడికూర దాదాపు శాసనం. కనుక వారం మధ్యలో కోడి వండాలంటే మంగళ, బుధ, శుక్రవారాలను చూచుకోవాలి. పాస్తా అయినను పంచాంగానికి లోబడవలసినదే.

ఇక్కడ ఒక మాట దాటవేయడం న్యాయం కాదు. ఇప్పుడు పెద్ద షెడ్లలో పెరిగే బ్రాయిలర్లు పెక్కుచోట్ల పెంచేవానివి కావు. పిల్ల కంపెనీది, దాణా కంపెనీది. రైతుకు కిలోకు ఇంత అని పెంపకపు కూలి మాత్రమే. వెట్టి కాదు, నిజమే, వెల ముడుతున్నది. కాని పెంచినవాడు ఒకడు, కోడి మరొకరిది అన్న పాత వరుస మాత్రం వేరొక వేషంలో తిరిగి వచ్చింది.

గొట్టాలు మన వంటింటికి వచ్చిన దారులు రెండు. హైదరాబాదులో 1982లో మ్యాడం కిషన్‌రావుగారు ఆరంభించిన బాంబినో సంస్థ సేమియాను, తరువాత మాకరోనీని ఊరూరి దుకాణానికి చేర్చింది. రెండవ దారి గల్ఫ్. కరీంనగర్, నిజామాబాద్, ఆదిలాబాద్ జిల్లాల నుండి వేలాది మంది పురుషులు దుబాయి, మస్కటు, కువైటు పోయినారు. అక్కడ ఒక గదిలో ఎనమండుగురు, పదిమంది, పొయ్యి ఒకటి. అమ్మ చేతివంట తప్ప గంటె పట్టి ఎరుగని మగవాడు అక్కడ వంతువేసుకొని వండక తప్పదు. మక్రోనా అన్న పేరుతో కోడి మాంసం కలిపి వండే గొట్టాల వంట ఆ దేశాలలో ఇంటింటా ఉన్నది. సెలవుకు వచ్చినవాడు ఇంట్లో ఒకనాడు తానే పొయ్యి దగ్గర నిలబడితే, అది ఆ ఇంటి చరిత్రలో చిన్న ఘట్టం కాదు.

ఇక మీగడ మాట. పాలూ మాంసమూ కలపడానికి మనవారు జంకుతారు. చేపలను పాలతో తినరాదని చరకుడు చెప్పిన విరుద్ధాహార నియమం జనంలో విస్తరించి అన్ని మాంసాలకూ అంటుకొన్నది. అయితే చిక్కదనం మీద మనకు అయిష్టం ఉన్నదా? లేదు. నువ్వులు, పల్లీలు వేయించి, ఎండుకుడుక, గసగసాలు చేర్చి నూరిన ముద్ద కోడికూరకు ఇచ్చే కమ్మదనం ఏ మీగడకూ తీసిపోదు. పాలు మాంసం కలిపేందుకు మనసొప్పనివారు ఈ గొట్టాల వంటలో ఆ ముద్దనే వాడవచ్చును. నలుగురికి పావుకిలో పాస్తా, నాలుగు వందల గ్రాముల మాంసం, ముప్పాతిక లీటరు నీరు. నీరు మూడువంతులు ఇంకిన తరువాత రెండు చెంచాల నువ్వులముద్ద. పాలు వాడదలచినవారు టమాటాగాని, చింతపండుగాని ఎక్కువ వేయరాదు. మంట బాగా తగ్గించి చివరనే పోయాలి. లేకుంటే పాలు విరుగుతవి.

ఈ వంటకు మన గిన్నెవంటల కంటె ఒక తక్కువ కూడా ఉన్నది. దీనిని నడుమ నడుమ కలుపుతూ ఉండాలి గనుక అడుగున మాడు కట్టదు. గటుక కుండలో, సర్వపిండి గిన్నెలో మిగిలే ఆ ఎర్రని పొర కొరకు పిల్లలు గంటె పట్టుకొని పోట్లాడుకొనేవారు.